నలభై ఏడో సీసా

సీసా పోలేదు. అదే చిక్కు.

పోయినదాన్ని వెతకడం తోంగ్ షౌచెన్‌కు వచ్చిన పని. జిల్లా పోలీసులో ముప్ఫై ఏళ్లు చేశాడు. సైకిళ్లు వెతికాడు. గొర్రెలు వెతికాడు. ఒకసారి ముహూర్తానికి గంట ముందు మాయమైన పెళ్లికొడుకుని వెతికి తెచ్చాడు. కళ్లెదురుగా ఉన్న వస్తువు ఎందుకు పాడైందో చెప్పమని మాత్రం ఎవరూ అడగలేదు.

సోమవారం ఉదయం ఏడూ యాభై. చాంగ్‌చున్‌లో బయట మైనస్ ఇరవై ఆరు డిగ్రీలు. యూనివర్సిటీ సెక్యూరిటీ ఆఫీసు నుంచి కెమిస్ట్రీ భవనం దాకా నడిచేసరికి అతని కనుబొమ్మలు తెల్లబడ్డాయి.

మూడో అంతస్తు. ల్యాబ్ మూడు వందల పన్నెండు. లోపల నలుగురు నిలబడి ఉన్నారు. ఎవరూ కూర్చోలేదు.

"మీరేనా సెక్యూరిటీ?" ప్రొఫెసర్ హువో జింగ్‌యాన్ అడిగాడు. హాంగ్‌జౌ మనిషి. పదకొండేళ్లుగా ఇక్కడున్నా కోటు గుండీలు ఇంకా పైదాకా పెట్టుకునే ఉంటాడు. "ఈ అమ్మాయి కంప్లెయింట్ ఇస్తానంటోంది. సీసాని ఎవరో పాడు చేశారట. కానివ్వండి. పదిన్నర దాకా టైమిస్తున్నాను."

"పదిన్నరకేంటి?"

హువో జేబులోంచి మడిచిన కాగితం తీసి చూపించాడు. "ఇది డీన్ దగ్గరికి వెళుతుంది. ఈమె థీసిస్ ఆపెయ్యమని."

ఆ అమ్మాయి పేరు షెన్ వాన్‌చియు. దక్షిణాన గ్వాంగ్‌షీ నుంచి వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. ల్యాబ్‌లో హీటర్లు మండుతున్నా మెడకు మఫ్లర్ ఉంది. కళ్లు ఎర్రబడ్డాయి. ఏడుపు మాత్రం లేదు.

"సీసా చూపించమ్మా," అన్నాడు తోంగ్.

అరచేతిలో పట్టే గాజుసీసా. వంద మిల్లీలీటర్లు. లేబుల్ మీద నలభై ఏడు అనే అంకె, కింద రెండు వరుసలు ఇంగ్లీషు. లోపల కుడితినీళ్లలాంటి ద్రవం. అడుగున మడ్డి.

"శుక్రవారం సాయంత్రం ఇది తేటగా ఉంది బాబాయ్. ఆరూ నలభైకి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లాను. ఇవాళ ఏడూ ఇరవైకి తీస్తే ఇదీ."

"ఏముంది ఇందులో?"

"రేణువులు. ఒక్కోటి వెంట్రుక మందంలో వెయ్యో వంతు. లోపల వెలుగిచ్చే పాలిమర్. పైన ఇంకో రకం పాలిమర్ తొడుగు. ఆ తొడుగులో మందు కూడా దాచొచ్చు. ఒంట్లోకి ఎక్కిస్తే కేన్సర్ గడ్డ దగ్గరికి పోయి చేరతాయి. డాక్టరు దీపం వేస్తే గడ్డ ఎంత మేర ఉందో ఎర్రగా కనపడుద్ది."

"అంటే దొంగ మీద రంగు చల్లి పట్టివ్వడం."

"దాదాపు అంతే."

ఆమె అతినీలలోహిత టార్చి వేసింది. ద్రవం నల్లగానే ఉండిపోయింది. అడుగున మడ్డి మాత్రం ఆరిపోబోయే బొగ్గులా ఎర్రగా మిణుకుమంది.

"చూశారా?" అన్నాడు హువో. "ఆర్నెల్లు చెక్కు చెదరవని థీసిస్‌లో రాసింది. మూడు రోజులకే మడ్డి కట్టాయి. ఫ్రిజ్ చూడండి, నాలుగు డిగ్రీలు, అక్షరాలా నాలుగు. ఎవరు పాడు చేస్తారు? ఎలా చేస్తారు? రాసిన లెక్కలే దొంగవి. రెండింటికి హాస్పిటల్ వాళ్లొస్తున్నారు. వాళ్ల ముందు నేనేం పెట్టాలి, కుడితా?"

"ఇంకో బ్యాచ్ చేస్తాను సార్. మూడు గంటలు చాలు."

"బల్ల ముట్టుకున్నావో, బాగుండదు."

గోడ గడియారం ఎనిమిదీ రెండు చూపిస్తోంది. తోంగ్ వేళ్లు మడిచాడు. రెండింటికి సరుకు కావాలంటే పదిన్నరకల్లా ఈ పిల్ల పని మొదలుపెట్టాలి. అంటే అతని చేతిలో రెండున్నర గంటలు కూడా లేవు.

అతను సీసాని దగ్గరగా చూశాడు. ద్రవం మెడకు వేలెడు కింద ఉంది. లేబుల్ కింది సగం ముడతలు పడి ఉంది. మూత చుట్టూ మైనంలాంటి పల్చటి పట్టీ ఒక్క చుట్టే ఉంది.

"మెడ దాకా నింపుతావా, ఇంతే పోస్తావా?"

"మెడ దాకా. గాలి ఉండకూడదు."

"పట్టీ ఎన్ని చుట్లు?"

"రెండు. ఎప్పుడూ రెండే." ఆమె సీసా వైపు వంగి చూసింది. ముఖం మారింది. "ఇది నేను చుట్టింది కాదు!"

"నువ్వంటున్నావు," అన్నాడు హువో.

తోంగ్ గదంతా ఒక చుట్టు నడిచాడు. బల్లలు. నైట్రోజన్ సిలిండర్. అంకెలు వెలిగే వేడినీళ్ల తొట్టి, ముప్ఫై ఏడు డిగ్రీల దగ్గర. తొట్టి పక్కనే కొళాయి. కొళాయి కింద ఎనామిల్ బేసిను, మీద ఎర్ర పూలు, అంచు పెచ్చులూడింది. సగం నీళ్లు. నీళ్లలో పల్చటి మంచుపెంకు ఒకటి తేలుతోంది. గుడ్డుపెంకులా వంపు తిరిగి ఉంది.

దాని వంక కాసేపు చూశాడు. తర్వాత జేబులోంచి టిఫిన్ డబ్బా మూత తీసి, పెంకుని అందులోకి ఎత్తుకున్నాడు. కిటికీ తెరిచాడు.

చలి కత్తిలా దూసుకొచ్చింది.

"తలుపెయ్యండి బాబూ! చంపుతారా?" బల్ల వెనక నుంచి అరిచాడు పాన్ రుయ్. వాన్‌చియు తోటి స్టూడెంటు. హైనాన్ దీవి కుర్రాడు. వేడి కోసం హీటరుకి వీపు ఆనించి నిలబడ్డాడు.

"సిగరెట్ ఆర్పుతున్నా," అన్నాడు తోంగ్. అతని చేతిలో సిగరెట్ లేదు.

మూతని బయటి గట్టు మీద పెట్టాడు. గట్టు మీద ఒక ప్లాస్టిక్ సంచి ఉంది. సంచిలో నల్లగా గడ్డకట్టిన బేరిపళ్లు, రాళ్లలాగ. కిటికీ మూశాడు.

"నావే తమ్ముడూ అవి." గుమ్మం దగ్గరి నాలుగో మనిషి నవ్వాడు. కాంగ్ దెషున్, స్టోర్ చూసుకునే మనిషి. అరవైకి దగ్గర పడ్డాడు. కదిలితే నడుము దగ్గర తాళాలగుత్తి గలగలమంటుంది. ఇరవై ఆరేళ్లుగా పొద్దున ఆరింటికి ఈ భవనం తెరిచేది అతనే. "తర్వాత ఒకటి తిందువుగాని, రా."

ఎనిమిదీ ఇరవై అయిదు. కార్డు మెషిన్ లాగ్ వచ్చింది. శుక్రవారం పద్దెనిమిదీ నలభై, వాన్‌చియు బయటికి. శనివారం ఇరవై ఒకటీ పన్నెండు, పాన్ రుయ్ లోపలికి. ఇరవై ఒకటీ ముప్ఫై ఒకటి, పాన్ రుయ్ బయటికి. ఆదివారం ఎవరూ లేరు. సోమవారం ఏడూ పద్దెనిమిది, వాన్‌చియు.

తోంగ్ పాన్ రుయ్‌ని వరండాలోకి పిలిచాడు. గోడ వారన ఎవరో దొంతరగా పేర్చిన క్యాబేజీల పక్కన ఇద్దరూ నిలబడ్డారు.

"శనివారం రాత్రి ఎందుకొచ్చావు?"

"చార్జరు మర్చిపోయాను."

"చార్జరు తియ్యడానికి పంతొమ్మిది నిమిషాలా?"

"వెతికాను."

"ఎక్కడ? ఫ్రిజ్‌లోనా?"

పాన్ రుయ్ ఒక క్యాబేజీ ఆకు తుంచాడు.

"ఆ అమ్మాయి థీసిస్ ఆగిపోతే ఈ పని ఎవరికిస్తారు?"

"...నాకే."

"సీసాలో ఏం కలిపావు?"

"ఏం కలపలేదు! ఒట్టు బాబాయ్! నాది రెండు నెలలుగా వెలగట్లేదు. ఆమెది ఎలా వెలుగుతుందో చూద్దామని, ఒక్క చుక్క తీసుకుని మెషిన్‌లో పెట్టి చూద్దామని వచ్చాను. అంతే."

"తీశావా?"

"లేదు."

"ఎందుకని?"

"సీసా అక్కడ లేదు." పాన్ రుయ్ తల దించుకున్నాడు. "నలభై ఆరు ఉంది, అది వాడేసిన ఖాళీ సీసా. నలభై ఎనిమిది పెట్టాల్సిన చోటు ఖాళీగా ఉంది. మధ్యలో నలభై ఏడు లేదు."

తోంగ్ అతని వంక తేరిపార చూశాడు. "పొద్దున్నుంచీ ఆ పిల్లని అబద్ధాలకోరు అంటుంటే నువ్వు హీటరు దగ్గర చలి కాచుకుంటూ నిలబడ్డావు."

"చెబితే ఎందుకొచ్చావని అడుగుతారు కదా."

"అడిగాను. చచ్చిపోయావా?"

పాన్ రుయ్ ముఖం క్యాబేజీ రంగుకి తిరిగింది.

తొమ్మిదీ అయిదు. ఒకటి తేలింది. సీసా శనివారం రాత్రి తొమ్మిదింటికి ఫ్రిజ్‌లో లేదు. సోమవారం ఉదయానికి ఉంది. మధ్యలో ఏ కార్డూ తలుపు తియ్యలేదు.

తోంగ్‌కి కాలు నిలవలేదు. మెట్లు దిగాడు, ఎక్కాడు. ల్యాబ్ గుమ్మంలోంచి తొంగి చూశాడు. వాన్‌చియు ఖాళీ బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉంది. సిరంజి, సూది, శుభ్రమైన సీసా వరసగా పెట్టుకుంది. ముట్టుకోలేదు. గడియారాన్నే చూస్తోంది.

"నువ్వు చేసేటప్పుడు ఏదైనా తేడా వస్తే ఇలా అవుతుందా?" అడిగాడు.

"తేడా వస్తే ఆ పూటే మడ్డి కట్టాలి. పాలిమర్‌ని కరిగించే ద్రవంలో కలిపి సూదితో నీళ్లలోకి ఒక్క ఊపున పొడుస్తాం. రెప్పపాటులో రేణువులైపోతాయి. వాటికవే దూరంగా ఉంటాయి, ఒకదాన్నొకటి అంటుకోవు. అలా అంటుకోకుండా ఆపడానికే నాకు అయిదేళ్లు పట్టింది బాబాయ్."

"ఎప్పుడంటుకుంటాయి?"

"బలవంతంగా దగ్గరికి నొక్కితే." ఆమె ఆగింది. "ఫ్రిజ్‌లో వాటిని నొక్కేవాళ్లెవరున్నారు?"

తొమ్మిదిన్నర. కాంగ్ స్టోర్ గది. ఎనామిల్ బేసిను ఇప్పుడు అతని బల్ల మీద ఉంది. చన్నీళ్లలో రెండు నల్లటి బేరిపళ్లు మునిగి ఉన్నాయి.

"కూర్చో తమ్ముడూ. ఏ ఊరు మనది?"

"నొంగాన్ వైపు."

"మా అత్తగారిదీ అటే! అయితే నీకు చెప్పక్కర్లేదు."

చెప్పక్కర్లేదు. ఈ చలిదేశంలో పుట్టినవాడికి నవంబరు నుంచి మార్చి దాకా కిటికీ గట్టే ఫ్రిజ్. మాంసం, చేప, పళ్లు, అన్నీ బయటే. బేరిపండు రాయిలా బిగుస్తుంది. దాన్ని వేడినీళ్లలో వేస్తే తోలు చితికి, లోపల ఐసు అలాగే ఉంటుంది. చన్నీళ్లలో వెయ్యాలి. పండులోని చలి బయటికొచ్చి, పండు చుట్టూ నీళ్లు మంచుపెంకులా కడతాయి. పెంకు కట్టిందంటే లోపల మెత్తబడినట్టు.

కాంగ్ పండుని బల్ల అంచుకు తట్టాడు. పెంకు రెండు ముక్కలై ఊడింది. గుండ్రంగా, గిన్నెలా ఉంది. తోంగ్ ఒక ముక్కను వేలితో తిప్పి చూశాడు.

"రోజూ కరిగిస్తావా?"

"రోజూ రెండు. ఒకటి నాకు, ఒకటి మన వాన్‌చియుకి. దక్షిణాది పిల్ల. మొదటి ఏడాది చూసి, కుళ్లిన పండిస్తావా బాబాయ్ అని తిట్టింది. ఇప్పుడు లేకపోతే ఊరుకోదు."

"ఇవాళ పొద్దున్న?"

"ఆఁ, కరిగించాను. ల్యాబ్‌లోనే. కొళాయి కింద."

"ఆమెకిచ్చావా?"

కాంగ్ తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. అవి తడిగా లేవు. "అంత గోలలో ఏమిస్తాం?"

"నువ్వు తిన్నావా?"

"తిన్నా."

తోంగ్ చెత్తబుట్ట వైపు చూశాడు. టీ ఆకులు. పొద్దుతిరుగుడు గింజల పొట్టు. బేరిపండు తొడిమ ఒక్కటీ లేదు.

పండు తిన్నాడు. తియ్యగా ఉంది. లేచాడు.

పదీ పది. అందరూ మళ్లీ ల్యాబ్‌లో ఉన్నారు. హువో కాగితాన్ని మడతలు సరిచేస్తూ పట్టుకున్నాడు.

"ఇరవై నిమిషాలున్నాయి," అన్నాడు. "దొంగ దొరికాడా?"

"దొంగ లేడు," అన్నాడు తోంగ్.

వాన్‌చియు గిరుక్కున అతని వైపు తిరిగింది.

"దొంగ లేడు, అబద్ధం కూడా లేదు. కిటికీ తియ్యండి."

ఈసారి పాన్ రుయ్ తనే వెళ్లి కిటికీ తీశాడు. తోంగ్ గట్టు మీంచి టిఫిన్ మూత, బేరిపళ్ల సంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు. మూతలో మంచుపెంకు పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది.

"ఎనిమిదింటికి ఇది ఆ బేసినులో తేలుతోంది. అందరూ చూశారు. కాంగ్ బేరిపళ్లు కరిగించాడు, అంతే అనుకున్నారు. నేనూ అనుకున్నాను. కానీ ఒకటి గమనించండి. పండుకి అడుగు ఉండదు. గుండ్రం. దాని మీద కట్టిన పెంకు గిన్నెలా ఉంటుంది. దీనికి మూల ఉంది. అడుగు పలకలా ఉంది. సీసా ఇటివ్వమ్మా."

వాన్‌చియు సీసా అందించింది. తోంగ్ దాని అడుగుని పెంకులో ఆనించాడు. డబ్బా మీద మూతలా కూర్చుంది.

హువో రెండడుగులు దగ్గరికి వచ్చాడు.

"గడ్డకట్టింది..." వాన్‌చియు గుసగుసగా అంది. ఆ వెంటనే గొంతు పెరిగింది. "సార్! నీళ్లు మంచవుతూ రేణువుల్ని ఒక మూలకి నెట్టేస్తాయి. నొక్కి నొక్కి అంటించేస్తాయి. కరిగాక విడిపోవు. ఈ మడ్డి అదే! ఏ పాలిమర్ రేణువైనా అంతే, నాదే కాదు!"

హువో సీసా వంక చూశాడు. ఫ్రిజ్ వంక చూశాడు. "ఫ్రిజ్ నాలుగు డిగ్రీలే కదా..."

"ఫ్రిజ్‌లో గడ్డకట్టిందని ఎవరన్నారు సార్?" తోంగ్ బేరిపళ్ల సంచిని బల్ల మీద కుమ్మరించాడు. పళ్లు రాళ్లలా దొర్లాయి. "టార్చి వెయ్యమ్మా. లైట్లార్పండి."

దీపం పళ్ల మీద పాకింది. నలుపు. నలుపు. నలుపు. నాలుగో పండుకి ఒక వైపున ఎర్రటి చార నిప్పులా వెలిగింది.

"మెడ దాకా నింపిన సీసా. గడ్డకడితే నీళ్లు ఉబ్బుతాయి. మూత సందులోంచి పొంగి పక్కనున్న పండు మీద పడ్డాయి. అందుకే వేలెడు తగ్గింది. అందుకే పాత పట్టీ చిరిగి, కొత్తది ఒక్క చుట్టు పడింది. నీళ్లలో నానింది కాబట్టి లేబుల్ ముడతపడింది. శనివారం నుంచి సోమవారం పొద్దున దాకా ఈ సీసా కిటికీ బయట ఉంది."

"ఎవరు పెట్టారు?" హువో అడిగాడు. "పాన్ రుయ్ కార్డు ఉందన్నారు..."

"పాన్ రుయ్ హైనాన్ వాడు. వాన్‌చియుది గ్వాంగ్‌షీ. తమరిది హాంగ్‌జౌ. మీ ముగ్గురిలో ఎవరైనా గడ్డకట్టిన సీసాని కరిగించాలంటే అదిగో, పక్కనే వేడినీళ్ల తొట్టి, అందులో ముంచుతారు. అయిదు నిమిషాల పని. ఈ సీసాని చన్నీళ్లలో పెట్టారు. పెంకు కట్టేదాకా ఓపిగ్గా కూర్చున్నారు." తోంగ్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "ఈ గదిలో అలా కరిగించేవాళ్లు ఇద్దరే. ఒకణ్ణి నేను. శనివారం నేను కార్డు లేకుండా లోపలికి రాలేను. నా దగ్గర తాళాలు లేవు."

తాళాలగుత్తి ఒక్కసారి గలగలమంది. ఆగిపోయింది.

"శనివారం నాలుగింటికి," అన్నాడు కాంగ్. "ఫ్రిజ్‌లో ఐసు పేరుకుపోయింది. తీసి శుభ్రం చేద్దామనుకున్నా. లోపలివన్నీ గట్టు మీద పెట్టాను. అరగంటే కదా అని. ఇంతలో ఫోనొచ్చింది. మా ఆవిడ గేటు దగ్గర మంచు మీద జారిపడిందని. అన్నీ లోపల పడేసి పరిగెత్తాను. అదొక్కటీ సంచి వెనకాల ఉండిపోయింది."

"ఎప్పుడు చూశావు?"

"ఇవాళ పొద్దున ఆరూ పదికి. పళ్ల కోసం చెయ్యి పెడితే తగిలింది. నెమ్మదిగా కరిగిస్తే ఏ పండూ చెడదు కదా... దీనికీ అంతే అనుకున్నా. తెల్లగా కరిగింది. తేరుకుంటుందిలే అనుకుని ఫ్రిజ్‌లో పెట్టేశాను."

"లేబుల్ మీద రాసే ఉంది కదయ్యా!" హువో సీసా ఎత్తి వేలితో కొట్టాడు. "గడ్డకట్టనివ్వరాదు! ఇంతింత అక్షరాలు!"

"ఇంగ్లీషులో ఉంది సార్," అన్నాడు పాన్ రుయ్. అందరూ అతని వైపు తిరిగారు. చెవులు ఎర్రబడ్డా ఆపలేదు. "లేబుళ్లన్నీ ఇంగ్లీషులోనే ఉండాలని రూలు పెట్టింది మీరు. కాంగ్ బాబాయ్‌కి ఇంగ్లీషు రాదు. శనివారం రాత్రి సీసా అక్కడ లేదని నాకు తెలుసు. నేనూ చెప్పలేదు."

హువో గడియారం చూశాడు. పదీ ఇరవై తొమ్మిది. చేతిలోని కాగితాన్ని ఇంకో రెండు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు.

"బల్ల ఖాళీ చెయ్యండి," అన్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా. "పాన్ రుయ్, నైట్రోజన్ తిప్పు."

వాన్‌చియు అప్పటికే గ్లవ్స్ వేసుకుంది. సూది నీళ్లలోకి దిగింది. ఒక్క ఊపు.

ఒంటిగంటా నలభై. కొత్త సీసా తేటగా ఉంది, వెనక గడియారం అంకెలు కనిపించేంత తేటగా. టార్చి వేస్తే మెడ దాకా ఎర్రగా మండింది. తోంగ్ కోటు వేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగాడు. కాంగ్ అక్కడే గోడకు ఆనుకుని ఉన్నాడు. మూడు గంటలుగా కదల్లేదు. ఎవరూ పొమ్మనలేదు. రమ్మనీ అనలేదు.

"బాబాయ్," అంది వాన్‌చియు, వెనక్కి తిరక్కుండా. "పొద్దున సార్ నన్ను దొంగ లెక్కలు రాశావన్నప్పుడు మీరు నా వెనకాలే నిలబడి ఉన్నారు."

"వసంతంలో రిటైర్‌మెంట్ తల్లీ. ఇరవై ఆరేళ్లు మచ్చ లేకుండా..." తాళాలగుత్తిని వేళ్లతో తడిమాడు. "భయపడ్డాను."

ఆమె తిరిగింది. చేతిలో టార్చి ఇంకా వెలుగుతోంది. ఆ వెలుగు అతని చేతుల మీద పడింది. పగిలిన వేళ్ల సందుల్లో, గోళ్ల కింద, సన్నటి ఎర్ర గీతలు వెలిగాయి.

కాంగ్ వాటిని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. "సబ్బుతో కడిగాను. నాలుగు సార్లు."

"పోవు. గుర్తు పెట్టడం కోసమే కదా చేసింది."

ఆమె టార్చి ఆర్పింది. ఖాళీ లేబుల్, పెన్ను బల్ల మీంచి అతని వైపు తోసింది.

"మీ చేతిరాత బాగుంటుంది. రాయండి. మన భాషలో, పెద్దగా. గడ్డకట్టనివ్వకండి అని."

కాంగ్ ముందుకొచ్చాడు. తాళాలగుత్తి గలగలమంటుంటే నడుము దగ్గర చేత్తో పట్టుకున్నాడు. వంగాడు. మొదటి అక్షరం వంకర పోయింది. కొట్టేసి, మళ్లీ రాశాడు.